కాఫీ వద్దంటే షుగరన్నారు

మంగళవారం

ఆరు వారాలకోసారి మాకు బదిలీల కబురు వస్తుంది. ఎవరు ఏ ఊరికి వెళ్ళాలో, ఎవరితో కలిసి ఉండాలో బెంగళూరులో ఉండే మిషన్ అధ్యక్షుడు నిర్ణయిస్తారు. నచ్చిందా లేదా అన్న ప్రశ్నే లేదు, సూట్‌కేసు సర్దుకోవడమే. ఈసారి నాకు కోయంబత్తూరు పడింది. ఏప్రిల్ ఎండలు, రాత్రి రైలు, స్లీపర్ బెర్తు.

ఎదురు బెర్తు పెద్దాయన నన్నూ, నాతో ఈరోడ్ దాకా వస్తున్న కుర్రాణ్ణీ ఎగాదిగా చూశారు. ఇద్దరికీ తెల్ల చొక్కా, టై, నల్ల ప్యాంటు, జేబు మీద నల్ల బ్యాడ్జి. "ఏ కంపెనీ బాబూ?" అన్నారు తెలుగులోనే. కుప్పం ఆయనట, సేలంలో కూతురింటికి వెళ్తున్నారు. కంపెనీ కాదండీ అని నేను అనేలోపే తన గ్యాస్ ట్రబుల్ కథ మొదలుపెట్టారు. రాత్రి పదకొండుకి ఎలా వస్తుంది, ఎడమవైపు తిరిగి పడుకుంటే ఏమవుతుంది, ఏ డాక్టరు ఏం రాశాడు. అంతా అయ్యాక గొంతు తగ్గించి, "శాంపిల్స్ ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు.

మందుల రెప్పులం కాదనీ, రెండేళ్ళపాటు దేవుడి పని మీద ఇల్లు వదిలి వచ్చిన మిషనరీలమనీ చెప్పాను. బ్యాడ్జి మీదున్న పేరు చదివి వినిపించాను: యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. ఆయనకేమీ అర్థం కాలేదు. మోర్మన్లు అంటే కొందరికి తెలుస్తుంది. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ పెట్టిన సంఘం, ముఖ్య కార్యాలయం యూటా రాష్ట్రంలోని సాల్ట్‌లేక్ సిటీలో ఉంది. కానీ 2018లో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ ఆ ముద్దుపేరు మానేసి పూర్తి పేరే వాడమన్నారు. అది చెప్పడం పూర్తయ్యేలోపు సిటీ బస్సు స్టాపు దాటిపోతుంది.

"జీతమెంత?" అన్నారు పెద్దాయన. లేదన్నాను. పొద్దున ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి, సినిమా లేదు, టీవీ లేదు, ఆడపిల్లల వెంట తిరగడం అసలే లేదు, జోడీగా వేసిన మనిషిని వదిలి ఒక్కడే ఎక్కడికీ పోకూడదు. ఇవన్నీ విని, "మిలట్రీలో ఇంతకంటే నయం" అని తేల్చేశారు. మగపిల్లలు వెళ్ళే వయసు 2012 దాకా పందొమ్మిది, ఇప్పుడు పద్దెనిమిది అంటే, "ఆ వయసులో మావాడు స్నానం చేయమన్నా చేసేవాడు కాదు" అన్నారు.

"అంతా బానే ఉంది గానీ, ఈ ఎండల్లో టై ఎందుకు?" అని చివరికి అడిగారు. సిద్ధాంతం గురించి ఏమడిగినా తడుముకోకుండా చెప్పగలను. టై సంగతి మాత్రం ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను.

బుధవారం

తెల్లవారకముందే దిగాను. ప్లాట్‌ఫాం మీద నా కొత్త జోడీ నిలబడి ఉన్నాడు. ఢిల్లీ కుర్రాడు, ఆరడుగుల పైన మూడంగుళాలు ఉంటాడు. దూరం నుంచి చూస్తే బ్యాడ్జి పెట్టుకున్న కరెంటు స్తంభం. వాడికి తమిళం రాదు, నాకు హిందీ అంతంతమాత్రం. మధ్యలో ఇంగ్లీషు. మాలో మేం ఎల్డర్ అనే పిలుచుకోవాలి, సొంత పేర్లు వాడం. ఇక్కడ రాసుకునేటప్పుడు వాణ్ణి ఢిల్లీ అంటాను.

ఇల్లు మేడ మీద రెండు గదులు. కింద ఓనరు గారు. ఆయన మొదటిమాటే నీళ్ళ గురించి. కోయంబత్తూరు వాళ్ళకు తమ శిరువాణి నీళ్ళంటే ఎంత గొప్పో ఆయన ముఖం చూస్తే తెలిసింది. అంత తియ్యటి నీళ్ళు ఎక్కడా ఉండవన్నారు. మరి కొళాయి ఎప్పుడొస్తుందండీ అంటే మాత్రం, "వేసవి కదా" అని ఆకాశం వైపు చూపించారు.

అసలు ఘోరం సూట్‌కేసు తెరిచాక బయటపడింది. కిందటి వారం రాజమండ్రి నుంచి బెంగళూరు వచ్చిన మనిషి చేత అమ్మ కొత్తావకాయ పంపింది. ప్లాస్టిక్ డబ్బా, దాని చుట్టూ మూడు కవర్లు, వాటి మీద రబ్బరు బ్యాండ్లు, ఆ పైన తువ్వాలు. ఇంత కట్టుదిట్టం చేసినా నువ్వుల నూనె దారి వెతుక్కుంది. మూత రైల్లో ఎప్పుడో వదులైంది. తెల్ల చొక్కాలు మడత మడతకీ ఎర్రటి నూనె పీల్చుకున్నాయి. విప్పి చూస్తే ఒక్కో చొక్కా మీద ఆ మరక అటూ ఇటూ సమంగా, సీతాకోకచిలుక రెక్కల్లా పడింది. కాలరు సందుల్లో ఆవపిండి. జేబులో ఒక వెల్లుల్లి రెబ్బ.

ఢిల్లీ ఆ వెల్లుల్లి రెబ్బ తీసి, వాసన చూసి, నోట్లో వేసుకున్నాడు. తర్వాత డబ్బాలో మిగిలిన ముక్కల వైపు చూశాడు. వీడికి బ్రెడ్డుతో ఆవకాయ తినే అలవాటు ఆ రోజే మొదలైంది.

చొక్కాలు సర్ఫులో నానబెట్టాం. బకెట్టులో నీళ్ళు సాంబారు రంగుకొచ్చాయి. బ్రష్షు పెట్టి రుద్ది, ఉన్న నీళ్ళతో జాడించి ఎండలో వేస్తే ఎరుపు పోయి పసుపు మిగిలింది. మరక టై వెనక దాక్కుంటుందేమోనని ఒకటి వేసుకుని చూశాను. టై కంటే మరక వెడల్పు. ఇక దారిలేక ఢిల్లీ తన చొక్కా ఒకటిచ్చాడు. భుజాల కుట్లు నా మోచేతుల దగ్గరికి వచ్చాయి. చేతులు మడిచి, మిగిలిన గుడ్డంతా ప్యాంటులోకి కుక్కితే నడుం చుట్టూ చిన్న దిండు తయారైంది.

గురువారం

మేం ముక్కూ ముఖం తెలియని ఇళ్ళ తలుపులు కొట్టం. మా సభ్యులెవరైనా రమ్మంటే వెళ్తాం. ఈ రోజు పీలమేడులో ఒక ఇంటికి పిలిచారు. ఆ ఇంటి అబ్బాయి మా సంఘంలో ఉన్నాడు, పంపుసెట్ల కంపెనీలో పని. వాళ్ళది తెలుగు నాయుళ్ళ కుటుంబం. తరాల కిందట వచ్చి కోయంబత్తూరులో మిల్లులూ వర్క్‌షాపులూ పెట్టిన తెలుగువాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాకది వినికిడే గానీ, తమిళనాడు నడిబొడ్డున ఒక ముసలావిడ గుమ్మంలోకి వచ్చి, "రాండయ్యా, ఎండలో వచ్చినారు, కూచోండి" అనేసరికి ప్రాణం లేచొచ్చింది.

అవ్వ నుదుట నామం, చేతికి పాత గాజులు. కూర్చోగానే తన సంగతి తేల్చి చెప్పేసింది. "మా మనమడు మీతో వస్తాడు, రానీ. నన్ను పిలవొద్దు. నాకు కారమడై రంగనాథుడున్నాడు." అలాగే అవ్వా అన్నాం. అక్కడితో మతచర్చ అయిపోయింది. ఆ తర్వాత కాఫీ వచ్చింది.

ఇత్తడి డబరా, అందులో గ్లాసు, పైన వేలెడు నురగ. చికోరీ కలిసిన ఆ వాసన వంటింట్లోంచి బయల్దేరి హాలంతా నిండింది. మా సంఘంలో కాఫీ, టీ, సారా, పొగాకు నిషిద్ధం. 1833లో జోసెఫ్ స్మిత్ చెప్పిన జ్ఞానవాక్యం అది. చిన్నప్పటినుంచీ తాగలేదు కాబట్టి మానడం నాకేం కష్టం కాదు. వద్దనడమే కష్టం. అందులోనూ ఎనభై దాటిన మనిషి స్వయంగా కలుపుకుని, ఒలికిపోకుండా రెండు చేతులతో పట్టుకొచ్చినప్పుడు.

"కాఫీ తాగం అవ్వా."

"అయితే టీ పెడతాను."

"అదీ తాగమండి."

మనవడు కల్పించుకుని, తమ గ్రంథంలో వేడి పానీయాలు కూడదని ఉందనీ, అంటే కాఫీ టీలనీ వివరించాడు. అవ్వ ఆలోచించింది. "వేడి కదా కూడనిది? చల్లార్చి ఇస్తా" అంది. ఇన్నేళ్ళ మా బోధనలో ఈ ప్రశ్న ఎవరూ వేయగా నేను వినలేదు.

మాట మార్చడానికి ఊరి సంగతులెత్తాను. అవ్వకు జి.డి. నాయుడి పేరు చెబితే చాలు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టి, తర్వాత 1937లో మన దేశంలో మొదటి కరెంటు మోటారు చేయించిన తెలుగాయన. "ఆయన బస్సులెక్కి తిరిగినదాన్ని. బస్సు చూసి గడియారం సరిచేసుకునేవాళ్ళం" అంది. ఆ ఊపులోనే, "మీ ఈ సంగం తెలుగువాళ్ళలోకి ఎట్ల వచ్చె?" అని అడిగింది.

నాకు తెలిసింది చెప్పాను. ఎడ్విన్ ధర్మరాజు అని ఒక హైదరాబాదాయన ఉద్యోగం మీద సమోవా వెళ్ళి, అక్కడ భార్య ఎల్సీతో కలిసి ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో దంపతులిద్దరూ హైదరాబాదు వచ్చి చెబితే బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ గారి తండ్రి, పాస్టరు శ్రీనివాసం గారు, మా పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేశారు. 2012లో దేశంలోనే మొదటి స్టేకు హైదరాబాదులో ఏర్పడింది. స్టేకంటే కొన్ని సంఘాలు కలిసిన జిల్లా లాంటిది.

"సమోవా యాడుంది?"

"పసిఫిక్ సముద్రంలో అవ్వా."

"అంత దూరం పోయి కాఫీ మానేసి వచ్చినాడా!" అని నిజంగా జాలిపడింది.

అప్పుడు నన్ను పరీక్షగా చూసింది. చూపు నా మొహం మీంచి భుజాలకూ, అక్కడినుంచి మడతలు పడి వేలాడుతున్న చేతులకూ, నడుం దగ్గరి దిండుకూ దిగింది. ప్లేటులో మైసూరు పాకు పెట్టి ముందుకు తోసింది. నిన్నటి రైలు అలసటో, ఎండో, నాకు తీపి తినబుద్ధి కాలేదు. ఒద్దవ్వా అన్నాను. అంతే. అవ్వ మనవడి వైపు తిరిగి తల పంకించింది.

"కాఫీ వద్దు, టీ వద్దు, తీపి వద్దు. చొక్కా చూడు, ఎంత చిక్కిపోయినాడో. ఈ వయసుకే చక్కెర జబ్బు."

కాదవ్వా, ఈ చొక్కా వాడిది, ఆవకాయ ఒలికింది అని మొదలుపెట్టాను. ఆవకాయ అన్న మాట వినగానే, "అది కూడా తగ్గించాల, ఉప్పు" అంది. ఇంకేం చెప్పినా వినే స్థితి దాటిపోయింది. నాకు గ్లాసుడు కాకరకాయ రసం వచ్చింది. ఢిల్లీకి నా వాటా మైసూరు పాకు కూడా వెళ్ళింది. కాకరకాయ రసం వద్దనడానికి మా గ్రంథంలో ఒక్క వాక్యం కూడా లేదు. తాగాను. నాలిక చివర మొదలైన చేదు చెవుల దాకా పాకింది.

వచ్చేటప్పుడు నేరేడు గింజల పొడి కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. పరగడుపున చెంచాడు, మజ్జిగలో. పక్కింటి రిటైర్డు మాస్టారు గేటు దగ్గర ఆపి, మెంతులు నానబెట్టుకోమన్నారు. మేం అవ్వ ఇంటిలోంచి బయటికి రాకముందే ఆయనకెలా తెలిసిందో నాకు అంతుబట్టలేదు.

శుక్రవారం

సాయంత్రం ఒక అపార్ట్‌మెంటుకు వెళ్ళాలి. గేటు దగ్గర వాచ్‌మన్ మా చొక్కాలూ బ్యాడ్జిలూ చూసి రిజిస్టరు కూడా అడగలేదు. "ఎంతసేపటి నుంచి చూస్తున్నారో తెలుసా, మూడో అంతస్తు, వెళ్ళండి వెళ్ళండి" అన్నాడు. మాకోసమే అనుకున్నాం. తలుపు తీసినావిడ కూడా, "పొద్దున్నే వస్తామన్నారు కదా" అని కోప్పడి సరాసరి వంటింట్లోకి తీసుకెళ్ళింది. సింకు పక్కన నీళ్ళ ఫిల్టరు కారుతోంది. కింద బకెట్టు, బకెట్టు చుట్టూ తువ్వాళ్ళు.

నేను వివరించబోయాను. ఢిల్లీ ఆగమని సైగ చేసి, చేతులు మడిచి, స్టూలు కూడా అక్కర్లేకుండా పైన పైపు జాయింటు పట్టుకుని బిగించాడు. కారడం ఆగిపోయింది. ఆవిడ పర్సు తీసింది. డబ్బులొద్దన్నాం. అనుమానంగా చూసింది. టీ తాగండి అంది. అదీ వద్దన్నాం. అప్పుడిక మేం ఎవరమో చెప్పక తప్పలేదు. మేం వెళ్ళాల్సిన ఇల్లు అదే నంబరు, పక్క బ్లాకు. దిగుతుంటే అసలు మెకానిక్కు లిఫ్టులోంచి వస్తూ కనిపించాడు.

రాత్రి గోడ అవతల ఐపీఎల్. చెన్నై ఆట. మ్యాచ్ చూడటం మాకు కుదరదు, వినకూడదని మాత్రం ఎక్కడా రాసి లేదు. కీచుమని ఈల పడితే ఫోరు, గోడ అదిరితే సిక్సు, ఒక్కసారిగా నిశ్శబ్దమైతే వికెట్టు. పదిన్నరకు దీపం ఆర్పి చీకట్లో స్కోరు లెక్కేసుకుంటూ పడుకున్నాం. ధోనీ దిగినట్టు తెలుసుకోవడానికి టీవీ అక్కర్లేదు, వీధి మొత్తం చెప్పింది. ఆఖరి ఓవరులో ఏమైందో తెలియకముందే కరెంటు పోయింది.

శనివారం

ఇవాళ బాప్తిస్మం. మిల్లులో చేసి రిటైరైన ఒక పెద్దాయన. భారీ మనిషి, బొజ్జ కూడా అంతే భారీ.

మా బాప్తిస్మంలో నీళ్ళు చల్లడం లేదు, మనిషి మొత్తం మునగాలి. ఒక వేలు పైకి తేలినా, జుట్టు కాస్త బయట ఉన్నా మళ్ళీ ముంచాలి. చెప్పాల్సిన ప్రార్థనలో ఒక మాట తప్పినా మళ్ళీ మొదలే. సరిగ్గా జరిగిందో లేదో చూడటానికి ఇద్దరు సాక్షులుంటారు. ఇవాళ వాళ్ళలో నేనొకణ్ణి.

కొళాయి రాలేదు కాబట్టి ట్యాంకరుకు చెప్పాం. పదింటికి రావాల్సింది పన్నెండున్నరకు వచ్చింది. పైపు అందలేదు. బ్రాంచి, అంటే ఊళ్ళోని మా చిన్న సంఘం, దాని అధ్యక్షుడు దగ్గర్నుంచి పిల్లల దాకా అందరం వరసగా నిలబడి బకెట్లందించుకున్నాం. తొట్టి నడుములోతు నిండేసరికి ఆకలి దంచేస్తోంది. మనుషులంతా సగం తడిసిపోయారు, బాప్తిస్మం ఎవరికో కొత్తవాళ్ళకు గుర్తుపట్టడం కష్టమైంది.

ఢిల్లీ తెల్లబట్టల్లో నీళ్ళలోకి దిగాడు. పెద్దాయన దిగగానే నీళ్ళు అంచుదాకా లేచాయి. ప్రార్థన చెప్పి వెనక్కి వాల్చాడు. తల మునిగింది, కాళ్ళు తేలాయి. నేను తలూపాను, కాలేదని. రెండోసారి కాళ్ళు మునిగాయి, బొజ్జ ద్వీపంలా పైకొచ్చింది. నా పక్క సాక్షి రిటైర్డు హెడ్మాస్టరు, మార్కులు వేసే అలవాటు పోలేదు, కుదరదన్నారు. పెద్దాయన లేచి ముక్కులోంచి నీళ్ళు చీదుకుని, "ట్యాంకరు నీళ్ళు, ఉప్పగా ఉన్నాయి, అందుకే తేలుతున్నా. శిరువాణి అయితే ఎప్పుడో మునిగేవాణ్ణి" అన్నారు. అందరూ నవ్వేశారు, ఆయన భార్య కూడా. మోకాళ్ళు మడిచి కూర్చున్నట్టుగా వెనక్కి వాలమని హెడ్మాస్టరు గారే సలహా ఇచ్చారు. ఈసారి మొత్తం మునిగారు. లేచాక ఆ పెద్దాయన చాలాసేపు ఢిల్లీ చెయ్యి వదల్లేదు. నవ్వులాట సంగతి పక్కనపెడితే, ఈ ఉద్యోగంలో నాకు జీతం లాంటిది ఇదే.

ఇంటికొచ్చేసరికి రాత్రి. అన్నం పెట్టి కుక్కరు మూడో కూత వేయకముందే గ్యాస్ అయిపోయింది. సగం ఉడికిన బియ్యం. ఆదివారం మేం ఏమీ కొనం, బయట తినం. పైగా రేపు నెలలో మొదటి ఆదివారం, ఉపవాసం. ఉన్న అటుకులు పెరుగులో నానబెట్టి తిని పడుకున్నాం. నేనైతే పడుకున్నాను.

ఆదివారం

ఆరాధనలో సంస్కారానికి, అంటే క్రీస్తును తలుచుకుని అందరం పంచుకునేదానికి, రొట్టె, నీళ్ళు ఉండాలి. రొట్టె తెచ్చే వంతు ఈ వారం మాది. శనివారమే కొని అలమరలో పెట్టాను. పొద్దున చూస్తే కవరుంది, అందులో రొట్టె చివరి ముక్క ఒకటుంది, పక్కన ఆవకాయ డబ్బా మూత తీసి ఉంది.

ఢిల్లీ బస్సులో కిటికీ వైపు తిరిగి, రాత్రి ఆకలేసి లేచానన్నాడు. ఆశీర్వదించకముందు అది మామూలు రొట్టే కదా అని కూడా అన్నాడు. శాస్త్రప్రకారం వాడన్నది నిజమే. బ్రాంచి అధ్యక్షుడి భార్య ఏమీ అడగకుండా, పక్కింట్లో చిన్నపిల్లాడి కోసం చేసిన చపాతీలు తెప్పించింది. వాటితోనే కానిచ్చాం. ఉపవాసంతో ఉన్న జనం మధ్య వేడి చపాతీ వాసన ఎంత దూరం వెళ్తుందో ఇవాళే తెలిసింది.

మొదటి ఆదివారం ప్రసంగాలుండవు, ఎవరికి తోస్తే వాళ్ళు లేచి తమ సాక్ష్యం చెప్తారు. రెండు పూటల భోజనం మానేసి, ఆ డబ్బు పేదలకిస్తాం. ఏదైనా కష్టం ఉంటే దాన్ని తలుచుకుని ఉపవాసం ఉంటారు. ముందుగా పీలమేడు అబ్బాయి లేచాడు. ఈ రోజు తాను కొత్త ఎల్డర్ ఆరోగ్యం కోసం ఉపవాసం ఉన్నానన్నాడు. తర్వాత ఒకావిడ లేచి తానూ అందుకేనంది. గురువారం రాత్రే బ్రాంచి వాట్సాప్ గ్రూపులో పెట్టారట. మూడో మనిషి లేచి, చిన్న వయసులో ఇంత జబ్బుతో ఇల్లు వదిలి వచ్చిన ఆ విశ్వాసం గురించి చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. నేను ఇంకా ఆ పెద్ద చొక్కాలోనే ఉన్నాను.

ఇక కూర్చోలేక లేచి, నాకు షుగర్ లేదండీ, ఏ జబ్బూ లేదు, హాయిగా ఉన్నాను అని చెప్పాను. హాలంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. వెనక బెంచీలో ఎవరో గట్టిగా ఆమేన్ అన్నారు. ఉపవాసం ఇంత త్వరగా పనిచేస్తుందని వాళ్ళు కూడా అనుకోలేదు. దీన్ని సరిదిద్దడానికి ఇంకోసారి లేవాలా అని బ్రాంచి అధ్యక్షుడి వైపు చూశాను. ఆయన కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నారు. ఆయనకు ఆవకాయ కథ పొద్దునే ఢిల్లీ చెప్పేశాడట.

సాయంత్రం ఉపవాసం విడవడానికి వాళ్ళింట్లోనే ఇడియాప్పం, కొబ్బరిపాలు. నా కొబ్బరిపాలలో మాత్రం ఎవరూ చక్కెర వేయలేదు.

సోమవారం

ఇవాళ మా సొంత పనుల రోజు. బట్టలు, సరుకులు, క్షవరం, ఇంటికి ఫోను. గ్యాస్ బండ వచ్చింది. జి.డి. నాయుడు మ్యూజియం చూద్దామని పొద్దున అవినాశి రోడ్డుకు వెళ్తే గేటు మూసి ఉంది. మిషనరీకి సెలవు సోమవారం, మ్యూజియానికీ సెలవు సోమవారమే. ఈ రెండూ ఎప్పటికీ కలవవు.

సెలూన్లో పొట్టిగా కొట్టమని చేత్తో చూపించాను. అతను ఏ హీరోను ఊహించుకున్నాడో గానీ పక్కలు గుండు, పైన గుబురు వచ్చాయి. ఈ తలతో వెళ్తే మిషన్ అధ్యక్షుడు ఊరుకోరు. పైది కూడా తీయమన్నాను. చివరికి తిరుపతి నుంచి వచ్చినవాడిలా తయారై లేచాను.

అదే తలతో ఇంటికి వీడియో కాల్ చేశాను. 2019కి ముందు మిషనరీలు ఏడాదికి రెండుసార్లే ఇంటికి మాట్లాడేవారు, క్రిస్మస్‌కూ మదర్స్ డేకీ. ఇప్పుడు వారం వారం మాట్లాడొచ్చు. అప్పటి తల్లులు ఎలా ఉండేవారో తెలియదు గానీ, మా అమ్మ నా మొహం తెర మీద కనపడగానే ఏడుపు మొదలెట్టింది.

"జుట్టు కూడా ఊడిపోయిందేంట్రా!"

గ్రూపులో పెట్టిన మెసేజి కోయంబత్తూరు నుంచి హైదరాబాదుకు, అక్కడినుంచి రాజమండ్రికి చేరిందట. అమ్మ వెనక నాన్న, నాన్న వెనక పిన్ని, కిటికీలోంచి ఎదురింటి ఆవిడ. "మన ఇంటా వంటా లేదు, ఎక్కణ్ణుంచి వచ్చిందిరా నీకు?" అంటోంది పిన్ని. కాఫీ దగ్గర్నుంచి చెప్పుకొచ్చాను. ఆవకాయ దగ్గరికి రాగానే గొడవ మలుపు తిరిగింది. "మూత ఎవరు బిగించారు?" అంది అమ్మ, నాన్న వైపు తిరిగి. నాన్న తెరలోంచి మాయమయ్యారు.

ఎంత చెప్పినా నమ్మలేదు. పరీక్ష చేయించుకుని ఆ కాగితం ఫొటో పెడితేనే అన్నం తింటానంది. పక్కవీధి ల్యాబుకు వెళ్ళి వేలు గుచ్చించుకున్నాం. ఢిల్లీ కూడా సరదాకి చేయించుకున్నాడు. మైసూరు పాకులన్నీ తిన్నవాడికీ, కాకరకాయ రసం తాగినవాడికీ ఇంచుమించు ఒకటే అంకె, ఇద్దరికీ ఏమీ లేదు. కాగితం ఫొటో తీసి అమ్మకు పంపాను. నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. చాలాసేపు టైపింగ్ అని చూపించి, చివరికి జవాబొచ్చింది.

"ఇది తిన్నాక చేయించావా, తినకుండానా?"